పట్టుకున్నారు... ఆ తర్వాత?

దొంగను పట్టుకున్న చేతికి చప్పట్లు కొడతాం. ఆ దొంగకు ఊపిరాడకపోతే మాత్రం అదే చేతికి బేడీలు పడతాయి. గార్డుకు చట్టం ఇచ్చిన హక్కెంత? ఎక్కడ ఆగాలి?

మిరప సీజన్‌ వచ్చిందంటే సత్తెనపల్లి చుట్టుపక్కల కల్లాల్లో రాత్రిళ్లు నిద్రుండదు. ఎండబోసిన కాయల పక్కనే మంచం వేసుకుని రైతులు కాపలా కాస్తారు. పత్తి మిల్లులోనో, కోల్డ్‌ స్టోరేజీలోనో అయితే యూనిఫాం వేసుకున్న వాచ్‌మన్‌ ఉంటాడు. కల్యాణ మండపానికీ, ఆసుపత్రికీ, ప్రైవేటు కాలేజీకీ కూడా ఇప్పుడు సెక్యూరిటీ గార్డు ఉండాల్సిందే. చేతిలో లాఠీ, మెడలో విజిల్‌, జీతం మాత్రం అంతంతే!

ఒక రాత్రి ఎవరో గోడ దూకుతారు. గార్డు పట్టుకుంటాడు. కేకలు విని మరో నలుగురు పరుగెత్తుకొస్తారు. బోర్లా పడేసి ఒకరు కాళ్లు పట్టుకుంటే, ఒకరు వీపు మీద కూర్చుంటారు. కాసేపటికి ఆ మనిషి గింజుకోవడం మానేస్తాడు. 'దారికొచ్చాడు' అనుకుంటారు. దారికొచ్చి ఉండొచ్చు. ఊపిరి ఆగిపోయి కూడా ఉండొచ్చు.

అదే జరిగితే తెల్లారేసరికి దొంగ పేరు బాధితుడి కాలమ్‌లోకీ, కాపలా కాసినవాళ్ల పేర్లు ముద్దాయిల కాలమ్‌లోకీ చేరతాయి.

ఆగినవాడి గుండె ఎలాంటిదో...

మనిషిని ఆపడంలో ఉన్న ప్రమాదం సత్తెనపల్లికి కొత్త కాదు. 2020 ఏప్రిల్‌ 20న, కరోనా లాక్‌డౌన్‌ రోజుల్లో, మందుల కోసం బయటికొచ్చిన ఒక వ్యక్తిని పోలీసులు ఆపారు. ఆయన అక్కడే కుప్పకూలారు. ప్రాణం దక్కలేదు. పోలీసులు కొట్టడం వల్లే చనిపోయారని కుటుంబ సభ్యులన్నారు. ఆయనకు అప్పటికే గుండెజబ్బు ఉందని పోలీసు అధికారులు చెప్పారు. ఎస్సైని సస్పెండ్‌ చేసి విచారణకు ఆదేశించారు.

ఎవరి వాదన ఎలా ఉన్నా ఒక విషయం మాత్రం తేలిపోయింది. ఆపే చేతికి ఎదుటివాడి గుండె సంగతి తెలియదు. తెలియదు కాబట్టే జాగ్రత్త అవసరం.

మరో నెల తిరగకుండానే, మే 16న విశాఖపట్నంలో ఇంకో దృశ్యం రాష్ట్రమంతా చూసింది. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు డాక్టర్‌ సుధాకర్‌ చేతులను నడిరోడ్డు మీద వెనక్కి విరిచి తాడుతో కట్టారు. ఆయన మద్యం తాగి గొడవ చేశారన్నది పోలీసుల మాట. హైకోర్టు ఈ వ్యవహారాన్ని సీబీఐకి అప్పగించింది. ఒకవేళ ఆ మాటే నిజమనుకున్నా, అదుపు తప్పిన మనిషిని అలా కట్టిపడేయొచ్చా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

శిక్షణ పొందిన పోలీసుల పరిస్థితే ఇలా ఉంటే, యూనిఫాం తప్ప మరేమీ లేని గార్డు సంగతేమిటి?

యూనిఫాంతో అధికారం రాదు

చాలామంది గార్డులకే కాదు, వాళ్లను పెట్టుకునే యజమానులకూ తెలియని సంగతి ఇది. చట్టం దృష్టిలో సెక్యూరిటీ గార్డు మామూలు పౌరుడే! రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ఎంత హక్కుందో ఆయనకూ అంతే. పోలీసు, సైన్యం దుస్తుల్లాంటివి తొడిగితే అది వేరే నేరం. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం, 2005 ప్రకారం దానికి ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు.

మరి మామూలు పౌరుడు దొంగను పట్టుకోకూడదా? నిక్షేపంగా పట్టుకోవచ్చు. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల, బెయిలుకు వీల్లేని నేరం తన కళ్ల ముందు జరిగితే ఎవరైనా నిందితుణ్ని నిర్బంధించవచ్చని పాత సీఆర్‌పీసీ 43వ సెక్షన్‌లోనే ఉంది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 40వ సెక్షన్‌. కొత్త చట్టం ఒక గడువు కూడా పెట్టింది. అనవసరంగా ఆలస్యం చేయకూడదు, ఎంత ఆలస్యమైనా ఆరు గంటల్లోగా పోలీసులకు అప్పగించాలి. 'సేటుగారు పొద్దున వస్తారు, అప్పటిదాకా గోదాములో పడేయండి' అంటే అది అక్రమ నిర్బంధమే అవుతుంది. దానికీ ఏడాది దాకా శిక్ష ఉంది.

ఇందులో మరో మెలిక. దొంగతనం సొత్తు విలువ 5 వేల రూపాయల లోపు ఉండి, ఆ మనిషికి అదే మొదటి నేరమైతే, సొత్తు తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవే. అలాంటి కేసులో పోలీసులే నేరుగా అరెస్టు చేయలేరు, బెయిలు కూడా దొరుకుతుంది. అలాంటప్పుడు సూపర్‌మార్కెట్లో షాంపూ సీసా జేబులో వేసుకున్న కుర్రాణ్ని గదిలో పెట్టి తాళం వేసే హక్కు గార్డుకు ఎక్కడిది? పేరు, ఊరు అడిగి, సొత్తు వెనక్కి తీసుకుని, పోలీసులకు ఫోన్‌ చేయడమే ఆయనకు క్షేమం.

ఆత్మరక్షణ హక్కు ఉంది కదా అంటారు. ఉంది. కానీ ప్రమాదం ఎంతో ఆ హక్కూ అంతే. భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్‌ ఈ మాటే చెబుతోంది. రక్షణకు అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయకూడదు. కత్తి తీసినవాడి చెయ్యి విరిగినా కోర్టు అర్థం చేసుకుంటుంది. కత్తి కిందపడి, చేతులు కట్టేశాక వేసిన ప్రతి దెబ్బా విడిగా లెక్కలోకొస్తుంది. దొరికినవాణ్ని కరెంటు స్తంభానికి కట్టేసి తలా ఒకటి వేయడం మన ఊళ్లలో ఇంకా పోలేదు. కేరళలోని అట్టప్పాడిలో 2018 ఫిబ్రవరిలో జరిగింది అదే. తిండి సరుకులు దొంగిలించాడంటూ మధు అనే గిరిజన యువకుడి చేతులు కట్టేసి కొట్టారు. అతను చనిపోయాడు. 2023 ఏప్రిల్‌లో కోర్టు 14 మందిని దోషులుగా తేల్చి, వాళ్లలో 13 మందికి ఏడేళ్ల కఠిన కారాగార శిక్ష వేసింది.

చెడుగుడు నేర్పే పాఠం

బోర్లా పడేస్తే ప్రాణమెలా పోతుంది? మనం గాలి పీల్చాలంటే ఛాతీ విప్పారాలి, పొట్ట కదలాలి. నేలకు అదిమిపెట్టి వీపు మీద బరువు వేస్తే ఈ రెండూ కష్టమైపోతాయి. పైగా అప్పటిదాకా పరుగెత్తి, పెనుగులాడిన ఒంటికి మామూలుకన్నా ఎక్కువ గాలి కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే అందకుండా చేస్తాం. ఆ మనిషి గింజుకుంటాడు. తిరగబడుతున్నాడనుకుని ఇంకాస్త గట్టిగా నొక్కుతాం. తాగి ఉన్నవాళ్లకు, ఊబకాయులకు, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. 'ఊపిరాడట్లేదు' అంటే నాటకమని కొట్టిపారేయకూడదు. మాట వస్తోందంటే చాలినంత గాలి అందుతున్నట్టు కాదు. 2020 మేలో అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్‌ ఫ్లాయిడ్‌ చివరిదాకా ఆ మాటే అన్నాడు. మెడ మీద మోకాలు పెట్టిన పోలీసుకు ఇరవై రెండున్నరేళ్ల శిక్ష పడింది. విచిత్రమేమిటంటే, బేడీలు వేయగానే మనిషిని బోర్లా పడుకున్న స్థితి నుంచి తిప్పాలని ఆ దేశ న్యాయశాఖ పరిశోధన విభాగం 1995లోనే హెచ్చరించింది!

అంత దూరం ఎందుకు, పల్నాడు కుర్రాళ్లకు తెలిసిన చెడుగుడులోనే ఈ జాగ్రత్తలన్నీ ఉన్నాయి. కూతకొచ్చినవాడి నోరు మూయకూడదు. గొంతు పట్టకూడదు. కాళ్లతో కత్తెర వేయకూడదు. ఏడుగురు మీద పడినా సరే, విజిల్‌ మోగగానే అంతా లేచిపోతారు. ఎద్దుకు నాడాలు కొట్టేవాళ్లను చూడండి. తాడుతో ఒడుపుగా పడేసి, పని కాగానే కట్లు విప్పేస్తారు. ఎక్కువసేపు పడుకోబెడితే పొట్ట ఉబ్బుతుందని వాళ్లకు తెలుసు. మిల్లు గేటు దగ్గర విజిల్‌ ఊదే రిఫరీ ఉండడు, అంతే తేడా.

మనిషి అదుపులోకి రాగానే ఒక పక్కకు తిప్పాలి, లేదా లేపి కూర్చోబెట్టాలి. ఒకరు కచ్చితంగా ముఖం వైపు ఉండి ఊపిరి గమనిస్తూ, మాట్లాడిస్తూ ఉండాలి. పలకకపోతే వెంటనే 108కి ఫోన్‌ చేయాలి. ఇదేమీ పెద్ద విద్య కాదు. కాకపోతే ఎవరో ఒకరు నేర్పాలి.

160 గంటలు... కాగితం మీదేనా?

నేర్పాలనే చట్టమూ చెబుతోంది. 2006లో కేంద్రం ఇచ్చిన మాదిరి నిబంధనల ప్రకారం ఏజెన్సీ గార్డుకు 100 గంటలు తరగతి గదిలో, 60 గంటలు మైదానంలో శిక్షణ ఉండాలి. ఇది కనీసం 20 పనిదినాల్లో జరగాలి. మాజీ సైనికులకూ, మాజీ పోలీసులకూ తక్కువ గంటలు. పాఠాల్లో ప్రథమ చికిత్స ఉంది, గుంపును అదుపు చేయడం ఉంది, ఆత్మరక్షణ హక్కు కూడా ఉంది. ఇవాళ చేరిన మనిషిని రేపే గేటు దగ్గర నిలబెడితే ఆ 20 రోజులూ ఎప్పుడు గడిచినట్టు? యజమాని నేరుగా పెట్టుకున్న వాచ్‌మన్‌ పరిస్థితి మరీ అన్యాయం. ఈ నిబంధనలు ఏజెన్సీలకు కాబట్టి ఆయనకు ఆ పాఠాలూ ఉండవు.

శిక్షణలోనూ ప్రమాదాలుంటాయి. సిమెంటు నేల మీద ఒకరినొకరు పడేసుకోవడం, సినిమాల్లోలా మెడ చుట్టూ చెయ్యి బిగించడం ప్రాణం మీదికి తెస్తాయి. కింద పరుపులుండాలి. చేత్తో రెండుసార్లు తడితే పట్టు వదిలేయాలన్న కట్టుబాటు ఉండాలి. మెడ పట్టు అసలు నేర్పకూడదు. బీపీ, ఆస్తమా, గుండెజబ్బు ఉన్నాయేమో ముందే అడగాలి. రెంటచింతల ఎండలకు పేరుపడ్డ జిల్లాలో మే నెల మధ్యాహ్నం పరుగులు తీయించడం శిక్షణ కాదు, శిక్ష.

ఆసుపత్రుల్లో అయితే ఇంకా జాగ్రత్త. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 రోగిని గొలుసులతో కట్టడాన్ని పూర్తిగా నిషేధించింది. తనకో, ఇతరులకో అప్పటికప్పుడు హాని చేసుకునే ప్రమాదం ఉంటేనే, మరో దారి లేనప్పుడే, మానసిక వైద్యుడి అనుమతితో కదలకుండా చేయాలి. ఎందుకు, ఎంతసేపు అన్నది రికార్డు చేయాలి. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మంటలంటుకున్నప్పుడు గొలుసులతో కట్టి ఉంచిన రోగులు తప్పించుకోలేక ఆహుతైపోయారు.

'గార్డు ఏజెన్సీ మనిషి, మాకేం సంబంధం' అని మిల్లు యజమానో, అపార్ట్‌మెంట్‌ సంఘమో తప్పుకోవడం అంత సులువు కాదు. పనిలో భాగంగా ఉద్యోగి చేసిన తప్పుకు యజమాని నష్టపరిహారం కట్టాల్సి వస్తుంది. 'పట్టుకుని నాలుగు తగిలించు' అని ఫోన్‌లో చెప్పినవాళ్లు క్రిమినల్‌ కేసులోకీ వస్తారు. డ్యూటీలో గాయపడేది గార్డే అయితే ఉద్యోగుల పరిహారమో, ఈఎస్‌ఐయో ఆయనకు అండ.

కాబట్టి ఏజెన్సీతో ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు నెలకెంత అని మాత్రమే అడగొద్దు. లైసెన్సును ఆఫీసులో అందరికీ కనిపించేలా పెట్టాలని చట్టంలోనే ఉంది, వెళ్లి చూడండి. ఈ గార్డుకు శిక్షణ ఎక్కడ, ఎన్ని రోజులు ఇచ్చారో కాగితం చూపించమనండి. ఆ తర్వాత గార్డునే పిలిచి, దొంగను కింద పడేశాక ఏం చేస్తావని అడగండి.