ఆ ఇంట్లో ఎవరి మాట కరెక్ట్? నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ బలాలు, బలహీనతలు

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునే సినిమా వయసు దాదాపు మా నాన్నగారి వయసంత. 1968లో వచ్చింది, బ్లాక్ అండ్ వైట్. పేరు నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్. డైరెక్టర్ జార్జ్ రొమెరో. ఇవాళ మనం జాంబీ అనగానే ఊహించుకునే ఆకారం, అంటే గుంపులుగా, మెల్లగా, తూలుతూ నడిచొచ్చి మనుషుల్ని తినే శవం, ఈ సినిమా నుంచే వచ్చింది. మన ప్రశాంత్ వర్మ గారి జాంబీ రెడ్డి దాకా అందరూ ఈ ఇంటి అప్పులో ఉన్నవాళ్ళే.

తమాషా ఏంటంటే, ఈ సినిమాలో జాంబీ అన్న మాట ఒక్కసారి కూడా వినపడదు. వాటిని పిశాచాలు అన్న అర్థంలో గూల్స్ అంటారు. అప్పటికి జాంబీ అంటే హైతీ చేతబడి కథల్లోని బానిస శవం. 1932 నాటి వైట్ జాంబీ లాంటి సినిమాల్లో అదే ఉంటుంది.

ముందే చెప్తున్నా, క్లైమాక్స్‌తో సహా అన్నీ మాట్లాడేస్తాను. చూడని వాళ్ళు చూసి రండి, 96 నిమిషాలే.

కథ ఇంతే

బార్బరా, జానీ అని అన్నాచెల్లెళ్ళు. నాన్న సమాధి దగ్గర పువ్వులు పెట్టడానికి స్మశానానికి వస్తారు. అక్కడ ఒక మనిషి వీళ్ళ మీద పడతాడు. పెనుగులాటలో జానీ తల రాయికి కొట్టుకుని పోతాడు. బార్బరా పరిగెత్తి ఒక ఫార్మ్‌హౌస్‌లో దూరుతుంది. కాసేపటికి బెన్ అనే నల్లజాతి యువకుడు ట్రక్కులో వస్తాడు. పెట్రోల్ అయిపోవచ్చింది. తలుపులు పీకి కిటికీలకి మేకులు కొట్టడం మొదలుపెడతాడు. కొంతసేపయ్యాక తెలుస్తుంది, ఇంటి కింద సెల్లార్‌లో ఇంకో ఐదుగురు దాక్కుని ఉన్నారని. హ్యారీ కూపర్, అతని భార్య హెలెన్, గాయపడిన కూతురు కారెన్, టామ్, జూడీ అనే ఒక యువ జంట. సెల్లార్ అంటే మన అపార్ట్‌మెంట్ పార్కింగ్ అనుకోకండి. సామాన్లు పెట్టుకునే నేలమాళిగ, ఒకటే తలుపు.

మొత్తం ఏడుగురు. చుట్టూ శవాలు. ఒక్క రాత్రి.

డబ్బులు లేకపోవడం ఎలా పనికొచ్చింది

రొమెరో, అతని స్నేహితులు పిట్స్‌బర్గ్‌లో టీవీ యాడ్లు తీసుకునే వాళ్ళు. పది మంది కలిసి తలా 600 డాలర్లు వేసుకున్నారు. అందుకే కంపెనీ పేరు ఇమేజ్ టెన్. తర్వాత ఇంకొంత పోగుచేసి మొత్తం 1,14,000 డాలర్లలో సినిమా పూర్తి చేశారు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర.

ఆ చిల్లరతో ఏం చేశారో చూడండి. ఇల్లు ఎలాగూ కూల్చేయబోతున్నదే దొరికింది, కాబట్టి తలుపులు పీకినా గోడలకు మేకులు దిగ్గొట్టినా అడిగేవాడు లేడు. రక్తం అంటే బాస్కో చాక్లెట్ సిరప్. బ్లాక్ అండ్ వైట్‌లో ఎర్రరంగు ఎవరికి కావాలి? సంగీతం స్టాక్ లైబ్రరీ నుంచి తెచ్చుకున్నారు. హ్యారీగా వేసిన కార్ల్ హార్డ్‌మన్ ఈ సినిమా నిర్మాతల్లో ఒకడు. అతని కూతురు కారెన్‌గా వేసిన పాప నిజంగానే ఆయన కూతురు. హెలెన్‌గా వేసిన మార్లిన్ ఈస్ట్‌మన్ మేకప్ కూడా చూసుకుంది, ఒక సీన్‌లో పురుగును తినే శవంగా కూడా కనపడుతుంది. ఒక్క మనిషి, మూడు పనులు. స్టార్టప్‌లో చేసిన వాళ్ళకి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది.

ఇదంతా ముచ్చటగా చెప్పుకోడానికి బాగుంటుంది, సరే. స్క్రీన్ మీద దీని ఫలితం ఏంటి? ఆ గరుకు బ్లాక్ అండ్ వైట్, చేతిలో పట్టుకుని తీసిన షాట్లు, ముఖం తెలియని నటులు, ఇవన్నీ కలిసి సినిమాకి టీవీ వార్తల రంగు తెచ్చాయి. అప్పట్లో అమెరికన్ ఇళ్ళలో రోజూ సాయంత్రం వియత్నాం యుద్ధం దృశ్యాలు కనపడేవి. ఆ కళ్ళతో చూసినవాడికి ఇది సెట్ వేసిన హారర్‌లా అనిపించదు. పెద్ద స్టార్ ఉంటే అతను చావడని మనకి ముందే తెలిసిపోతుంది. ఇక్కడ ఎవరు ఎప్పుడు పోతారో తెలీదు. డబ్బులతో కొనలేని భయం అది.

సైన్స్ దగ్గర బోల్తా

ఇప్పుడు బలహీనతలు. సినిమాలో టీవీ చెప్పేదేంటంటే, శుక్రగ్రహం దగ్గరికి వెళ్ళి తిరిగొస్తున్న ఒక ఉపగ్రహంలో వింత రేడియేషన్ ఉందని నాసా దాన్ని పేల్చేసిందట. ఆ రేడియేషన్ వల్లే శవాల మెదడు మళ్ళీ పని చేస్తోందట. ఈ ఐడియా ఆ కాలానికి తగ్గదే. సినిమా షూటింగ్ జరుగుతున్న 1967లోనే అమెరికా మారినర్ 5, సోవియట్ వెనెరా 4 శుక్రుడి దగ్గరికి వెళ్ళాయి. పేపర్లలో రోజూ అదే వార్త.

కానీ లాజిక్? రేడియేషన్ కణాల్లోని డీఎన్ఏని దెబ్బతీస్తుంది, చచ్చిన కణానికి ప్రాణం పోయదు. మెదడు నడవాలంటే ఆక్సిజన్, గ్లూకోజ్ కావాలి. గుండె ఆగాక వాటిని మోసుకెళ్ళే వాడెవడు? కండరం సంగతి ఇంకా కష్టం. బిగిసిన కండరం వదులవ్వాలంటే ఏటీపీ అనే ఇంధనం కావాలి. చనిపోయాక అది తయారు కాదు, అందుకే కొన్ని గంటల్లో శవం కట్టెలా బిగుసుకుపోతుంది. కాబట్టి మెల్లగా నడవడం కాదు, అసలు లేవడమే కుదరదు.

పోనీ, సినిమా తన రూల్స్ అయినా తను పాటించిందా అంటే, అదీ పూర్తిగా లేదు. మొదట్లో స్మశానంలో కనిపించే శవం చకచకా నడుస్తుంది, రాయి తీసుకుని కారు అద్దం పగలగొడుతుంది. తర్వాత వచ్చేవన్నీ నత్తనడక. కోడ్‌లో ఒక ఫంక్షన్ మొదటిసారి ఒకలా, రెండోసారి ఇంకోలా పనిచేస్తే దాన్ని ఏమంటాం? బగ్ అంటాం.

అయితే ఒక మంచి పని చేశారు. రేడియేషనే కారణమని ఎక్కడా తేల్చరు. టీవీలో సైంటిస్టు ఒకటి చెప్తాడు, పక్కనే ఉన్న మిలిటరీ ఆఫీసర్ ఇంకోటి చెప్తాడు, విలేకరులు వెంటపడుతుంటే కారెక్కి వెళ్ళిపోతారు. చూసేవాడికి ఎక్కేది రేడియేషన్ కాదు, పైన ఉన్నవాళ్ళకి కూడా ఏం తెలీదన్న భయం. కానీ ఆ టీవీ, రేడియో సీన్లు మరీ ఎక్కువయ్యాయి. మధ్యలో కథ ఆగిపోయి పాఠం చెప్తున్నట్టు ఉంటుంది.

ఇంకో పెద్ద బలహీనత బార్బరా. మొదటి పావుగంట సినిమా ఆమెదే. ఇంట్లోకి వచ్చాక షాక్‌లోకి వెళ్ళి చాలాసేపు సోఫాలో బొమ్మలా కూర్చుంటుంది. అన్న చచ్చిపోవడం కళ్ళారా చూసిన అమ్మాయి అలా అవడం సహజమే, కాదనను. కానీ హెలెన్‌ని వదిలేస్తే ఈ కథలో ఆడవాళ్ళకి సొంత ఆలోచన ఇవ్వలేదు. ట్రక్కు కోసం టామ్ బయటికెళ్తుంటే జూడీ చివరి క్షణంలో వెనకాలే పరిగెత్తడం కూడా అంతే. 1990లో టామ్ సవీని ఈ సినిమాని మళ్ళీ తీసినప్పుడు బార్బరా చేతికి తుపాకీ ఇచ్చి, పూర్తిగా మార్చేశాడు. లోపం వాళ్ళకీ తెలుసన్నమాట.

పైనా, కిందా?

ఇప్పుడు ఈ సినిమాకి గుండెకాయ లాంటి విషయం. బెన్ అంటాడు, పైనే ఉందాం, కిటికీలు మూసేసి పోరాడదాం, తప్పించుకోడానికి దారులుంటాయి అని. హ్యారీ అంటాడు, సెల్లార్‌లోకి వెళ్ళి తలుపేసుకుందాం, ఒక్క తలుపు కాపాడితే చాలు అని. మనం ఎవరి పక్షం? నేను మొదటిసారి చూసినప్పుడు కళ్ళు మూసుకుని బెన్ పక్షం. బెన్ కష్టపడతాడు, తెలివైనవాడు, మంచివాడు. డ్యూయేన్ జోన్స్ నటన ఈ సినిమాలో అన్నిటికన్నా గట్టిది. హ్యారీ? అరుస్తాడు, పిరికివాడు, పైన బార్బరా కేకలు వినపడినా బయటికి రాలేదు.

రెండోసారి చూసినప్పుడు పెన్నూ పేపరూ తీసుకుని కూర్చున్నాను. బెన్ ప్లాన్ వల్ల పెట్రోల్ కోసం బయటికెళ్ళారు. టామ్, జూడీ ట్రక్కుతో పాటు కాలిపోయారు. మేకులు కొట్టిన పలకలు ఊడిపోయాయి. బార్బరాని శవాల గుంపు లాక్కెళ్ళింది, ఆ గుంపులో ఆమె అన్న జానీ కూడా ఉన్నాడు. గొడవలో బెన్నే హ్యారీని కాల్చాడు. చివరికి బెన్ ఎక్కడ బతికాడు? సెల్లార్‌లో. హ్యారీ మొదటి నిమిషం నుంచీ చెప్పిన చోటే.

అంటే హ్యారీ కరెక్టా? అంత తేలిక కాదు. సెల్లార్‌లో కారెన్ ఉంది. ఆమెని ఒక శవం కరిచింది. ఆమె చచ్చి లేచి, తండ్రిని తిని, తల్లిని తాపీతో పొడిచి చంపుతుంది. అందరూ కిందే తలుపేసుకుని ఉంటే ఆ ఒక్క తలుపు లోపలే ప్రమాదం ఉండేది. ఇద్దరి ప్లాన్‌లోనూ రంధ్రం ఉంది. పైన కాపలా కాసుకుంటూ, చేయిదాటితే కిందకి దిగుదామన్న మధ్యేమార్గం వాళ్ళ మాటల్లోనే వస్తుంది. కానీ ఇంటికి పెత్తనం ఎవరిదన్న గొడవలో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు, కంపెనీ పేరు వద్దులెండి, ఒక రాత్రి ప్రొడక్షన్ పడిపోయింది. కాల్‌లో ఇద్దరు సీనియర్లు. ఒకాయన పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దాం అంటాడు. ఇంకొకాయన ఇక్కడే సరిచేసి ముందుకెళ్దాం అంటాడు. వెనక్కి వెళ్దామన్నాయనకి నోరు మంచిది కాదు, జూనియర్లని అందరి ముందూ తిట్టేవాడు. రెండో ఆయన అందరికీ ఇష్టం, నాక్కూడా. లాగ్స్ నా స్క్రీన్ మీదే ఉన్నాయి. చూస్తే మొదటాయన చెప్పిందే సరిగ్గా అనిపిస్తోంది. నేను నోరు విప్పలేదు. ఆయన గెలవడం నాకిష్టం లేదు, నిజం అదే. తెల్లారుజామున చివరికి వెనక్కే వెళ్ళాం. అప్పటిదాకా కస్టమర్లు ఇబ్బంది పడుతూనే ఉన్నారు. మనిషి నచ్చలేదని అతను చెప్పిన మాటని కూడా పక్కన పడేశాను. ఈ సినిమా రెండోసారి చూసినప్పుడు నాకు ఆ రాత్రే గుర్తొచ్చింది.

తెల్లారాక

చివరి సీన్. తెల్లారింది. షెరీఫ్ మనుషులు తుపాకులతో పొలాల్లో శవాల్ని ఏరేస్తూ వస్తున్నారు. శబ్దం విని బెన్ సెల్లార్ నుంచి పైకొచ్చి కిటికీ దగ్గర నిలబడతాడు. వాళ్ళు దూరం నుంచి చూసి నుదుటి మీద కాలుస్తారు. ఎవరని అడగరు. తర్వాత పేపర్ ఫోటోల్లాంటి స్టిల్స్ మీద, కొక్కేలతో అతన్ని లాక్కెళ్ళి మంటలో వేయడం చూపిస్తారు.

స్క్రిప్టులో బెన్ నల్లజాతివాడని రాయలేదు. ఆడిషన్‌లో జోన్స్ అందరికన్నా బాగా చేశాడని తీసుకున్నామని రొమెరో చెప్పేవాడు. షూటింగ్ 1967లో అయిపోయింది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. అక్టోబర్ 1న పిట్స్‌బర్గ్‌లో సినిమా విడుదలైంది. ఆ ఆరు నెలల్లో సినిమాలో ఒక్క ఫ్రేమ్ మారకపోయినా దాని అర్థం మారిపోయింది. తెల్లవాళ్ళ గుంపు, తుపాకులు, కుక్కలు, చచ్చిపడిన నల్ల మనిషి. ఇది చూసి జాంబీ సినిమా అని ఎవడు నవ్వుకోగలడు?

అమెరికాలో సినిమాలకి వయసు రేటింగులు వచ్చింది అదే సంవత్సరం నవంబర్‌లో. అంటే ఇది వచ్చినప్పుడు అడ్డుకునే వాళ్ళు లేరు. మధ్యాహ్నం ఆటకి పిల్లల్ని పంపించేశారు. పిల్లలు బిక్కచచ్చి ఏడుస్తుంటే చూశానని విమర్శకుడు రోజర్ ఈబర్ట్ రాశాడు.

ఒక్క లైన్ ఖరీదు

సినిమాకి మొదట పెట్టిన పేరు నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్. పంపిణీదారులు పేరు మార్చారు. కాపీరైట్ గుర్తు ఉన్నది ఆ పాత టైటిల్ కార్డు మీదే. కొత్త కార్డు వేసేటప్పుడు ఆ లైన్ వేయడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ గుర్తు లేకుండా విడుదలైతే హక్కు పోయినట్టే. ఎవరు పడితే వాళ్ళు ప్రింట్లు వేసుకున్నారు, టీవీల్లో వేసుకున్నారు, క్యాసెట్లు అమ్ముకున్నారు. పెట్టుబడికి వందల రెట్లు వసూలైన సినిమాలో తీసినవాళ్ళకి దక్కింది కొంచెమే. డిప్లాయ్‌మెంట్‌లో ఒక్క లైన్ ఎగిరిపోతే ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ అదే తప్పు వల్ల ఈ సినిమా ఊరూరా తిరిగింది. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా అనుకరించొచ్చు. 1999లో దాన్ని అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చారు.

నా తీర్పు. సైన్స్‌కి పదికి మూడు. బార్బరా పాత్రకి నాలుగు. ఆ ఇంట్లో మనుషులు మాట్లాడుకున్న తీరుకి పదికి పది. చూడాలనుకుంటే రాత్రి, ఒక్కరే, ఫోన్ పక్కన పెట్టి చూడండి. బెన్, హ్యారీ మొదటిసారి వాదించుకునే చోట ఒక్క నిమిషం ఆపి, మీరైతే పైనా కిందా అని మనసులో అనుకోండి. తర్వాత మిగతాది చూసి, ఆ నిర్ణయం ప్లాన్ చూసి తీసుకున్నారా, మనిషిని చూసి తీసుకున్నారా అని మిమ్మల్ని మీరే అడగండి. నేను మొదటిసారి మనిషినే చూశాను.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.