సుమత్రా నిప్పు, జ్వాలాపురం బూడిద

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ జుర్రేరు లోయలో నేల తవ్వితే తెల్లగా, మెత్తగా ఓ పొర బయటపడుతుంది. కొన్నిచోట్ల అది రెండు మీటర్లకు పైనే మందం. అంట్లు తోమే పొడుల్లో కలపడానికి దాన్ని తవ్వి అమ్మేవాళ్లు. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడే ఆ బూడిద ఏ కట్టె కాలితేనో వచ్చింది కాదు, నుగ్గయిన గాజు. సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా వచ్చి ఇక్కడ పడింది. ఆకాశం నుంచి రాలింది కొద్ది సెంటీమీటర్లే. చుట్టుపక్కల పడ్డదాన్ని వాననీళ్లు ఊడ్చుకొచ్చి లోయలో పోగేశాయి.

మహా అగ్నిపర్వతాల మీద యూట్యూబ్ నిండా ప్రళయమే. అందులో నిజమెంతో తేల్చుకోవాలంటే మనకు ఈ లోయకు మించిన చోటు లేదు.

అపోహ: టోబా దెబ్బకు మానవజాతి తుడిచిపెట్టుకుపోయినంత పనైంది.

1990లలో ఈ వాదం బలంగా నడిచింది. ఏళ్ల తరబడి చలి కమ్మి, ప్రపంచం మొత్తం మీద కొన్ని వేలమందే మిగిలారని, మన జన్యువుల్లో వైవిధ్యం తక్కువగా ఉండటానికి అదే కారణమని అన్నారు. తర్వాత పురావస్తు పరిశోధకులు మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కొరిసెట్టర్ తదితరులు జ్వాలాపురంలో తవ్వకాలు జరిపి 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద పొర కింద రాతి పనిముట్లు దొరికాయి. పొర పైనా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరువి. అంటే ఆ పనిముట్లు చేసినవాళ్లు బూడిదకు ముందూ ఉన్నారు, తర్వాతా ఉన్నారు. ఎముకలు దొరకలేదు కాబట్టి వాళ్లు మనలాంటి మనుషులా, మరో రకమా అన్న వాదన అలాగే ఉంది. దక్షిణాఫ్రికా తీరంలోని పినాకిల్ పాయింట్‌లో కూడా టోబా గాజు రేణువులు దొరికాయి, అక్కడా మనుషుల బతుకు ఆగలేదు. ఆఫ్రికాలోని మలావి సరస్సు అడుగు మట్టిలో టోబా బూడిద ఉంది కానీ, ఘోరమైన చలి వచ్చిన జాడ లేదు.

అలాగని ఏమీ కాలేదనుకోవద్దు. బంగాళాఖాతం అడుగు నుంచి తీసిన మట్టిలోని పుప్పొడి చూస్తే, ఆ తర్వాత మన దేశంలో చెట్లు పలచబడి గడ్డి పెరిగినట్టు తెలుస్తోంది. ఒకచోట తిండి లేకపోతే మరోచోటికి వెళ్లగలిగినవాళ్లు, దొరికిందల్లా తిన్నవాళ్లు తట్టుకున్నారు. మనం అప్పటివాళ్లంత తేలిగ్గా కదలగలమా? వరి, గోధుమ, మొక్కజొన్న తప్పితే రేపటికి గతేమిటో ఎనిమిది వందల కోట్లమందిలో ఎందరికి తెలుసు?

అపోహ: చంపేది లావా.

లావా చాలావరకు నడిచే మనిషికన్నా నెమ్మది. పేలుడుకు దగ్గర్లో ఉన్నవాళ్లకు అసలు యముడు, కొండవాలు వెంట దూసుకొచ్చే మండే వాయువు, బూడిదల ప్రవాహం. దూరాన ఉన్నవాళ్లకు బూడిద బరువు. ఫిలిప్పీన్స్‌లో 1991 జూన్ 15న పినతూబో అగ్నిపర్వతం పేలిన రోజే తుపాను వాన కురిసింది. బూడిద తడిసి, ఇళ్ల కప్పులు కూలాయి. పేలుడప్పుడు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది అలా పోయినవాళ్లే. పది సెంటీమీటర్ల తడి బూడిద చదరపు మీటరుకు నూరు నుంచి రెండు వందల కిలోలు తూగుతుంది. ఏ రేకుల కప్పు ఆగుతుంది? పైగా తడి బూడిదలో కరెంటు పారుతుంది కాబట్టి విద్యుత్ లైన్లు పోతాయి. కాలవలో పడితే అడ్డంగా గట్టిపడుతుంది.

అపోహ: బూడిద మేఘం ఏళ్లకేళ్లు సూర్యుణ్ని కప్పేస్తుంది.

బూడిద రోజుల్లో, వారాల్లో రాలిపోతుంది. ఏళ్లపాటు నిలిచేది గంధకం. సల్ఫర్ డయాక్సైడ్ వానమబ్బులకు పైనున్న స్ట్రాటోస్ఫియర్‌కు చేరి సన్నటి ఆమ్ల తుంపరగా మారుతుంది. అక్కడ వాన ఉండదు కాబట్టి అది కడుక్కుపోదు. ఎండను వెనక్కి తిప్పుతూ రెండు మూడేళ్లు ఉంటుంది. అందుకే కక్కిన రాయి ఎంత అన్నదానికన్నా గంధకం ఎంత అన్నదే ముఖ్యం. పినతూబో సుమారు కోటిన్నర నుంచి రెండు కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వదిలితే, భూమి సగటు వేడి అర డిగ్రీ దాకా తగ్గింది. చల్లబడటం హాయిగా వినిపిస్తుంది కానీ, ఎండ తగ్గితే నేలకూ సముద్రానికీ తేడా తగ్గి రుతుపవనాలు నీరసిస్తాయి. పినతూబో తర్వాతి ఏడాది ప్రపంచంలో నేల మీద వానలు బాగా పడిపోయాయి. వానాకాలం మీద బతికే మనం భయపడాల్సింది చలికి కాదు, ఇందుకు.

అపోహ: అమెరికాలోని ఎల్లోస్టోన్ మహా అగ్నిపర్వతానికి గడువు దాటిపోయింది, ఇవాళో రేపో పేలుతుంది.

అక్కడ మహా విస్ఫోటాలు 21 లక్షలు, 13 లక్షలు, 6 లక్షల 40 వేల ఏళ్ల కిందట జరిగాయి. మూడు పేలుళ్ల మధ్య రెండే విరామాలు. వాటి సగటు తీసి ముహూర్తం పెట్టడం జాతకం చెప్పడమే. ఆ సగటు ప్రకారం చూసినా గడువు ఇంకా దాటలేదు! ఏ ఏడాదైనా అది జరిగే అవకాశం సుమారు ఏడు లక్షల్లో ఒకటి. అంతకు ఒక మెట్టు కిందిది, అంటే 1815లో ఇండొనేషియాలో పేలిన తంబోరా స్థాయిది, ఈ శతాబ్దంలో రావడానికి ఆరింట ఒక వంతు అవకాశం ఉందని 2022లో లెక్కగట్టారు. నా భయమంతా దానిమీదే. తంబోరా నేరుగా చంపింది పదివేలమందిని అయితే, సుంబావా, లొంబోక్ దీవుల్లో తర్వాత ఆకలికీ రోగాలకీ పోయినవాళ్లు దానికి కొన్ని రెట్లు. మరుసటి ఏడాది ఐరోపాలో, అమెరికా ఈశాన్యంలో వేసవే రాలేదు. చైనాలోని యునాన్‌లో వరి పోయి కరువొచ్చింది.

అపోహ: బంకరు, డబ్బా తిండి ఉంటే గట్టెక్కుతాం.

బూడిద రాలే కొన్నాళ్లకు ఇంట్లో చేయాల్సినవి చిన్నవే. నీళ్ల ట్యాంకు మూత బిగించడం, తలుపు సందుల్లో తడిగుడ్డ పెట్టడం, ఎన్95 మాస్కు పెట్టుకోవడం, కాంటాక్ట్ లెన్సులు తీసేయడం, కప్పు మీది బూడిదపై కాస్త నీళ్లు చిలకరించి ఎత్తిపోయడం, డ్రెయిన్లోకి కడగకపోవడం. బంకరులో మూడేళ్ల పంటలు దాచడం మాత్రం ఎవరి తరమూ కాదు. అది సర్కారు గోదాముల పని. జులై 1 నాటికి మన దేశం 411.2 లక్షల టన్నుల బియ్యం, గోధుమ నిల్వ ఉంచుకోవాలన్నది నిబంధన. ఒక్క పంట పోతే ఊపిరి పీల్చుకోవడానికి అది చాలు. వరసగా రెండు మూడు పోతే జొన్న, కొర్ర లాంటి తక్కువ నీటి పంటల విత్తనం ఎంత చేతిలో ఉందన్న ప్రశ్న వస్తుంది.

ఇంకో చిక్కు ఎగుమతులది. 2023 జులైలో మన ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి నిషేధించగానే, అమెరికాలో మనవాళ్లు దుకాణాల మీద పడి సోనామసూరి బస్తాలు కార్లకెత్తుకున్నారు. ఒక్కొక్కరికి ఇన్నే అని కొన్నిచోట్ల షరతు పెట్టాల్సి వచ్చింది. నిషేధం తొలగేసరికి 2024 సెప్టెంబరు వచ్చింది. అప్పుడు ఏ కొండా పేలలేదు. ఎల్ నినో భయం, ఇక్కడి ధరలు, అంతే.