మెగ్నీషియం బిళ్ళ, ఒంట్లో వాపు

అమ్మడూ, మీ అమ్మ మోకాళ్ల నొప్పులకు మెగ్నీషియం బిళ్ళలు తెప్పించనా, అవి ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ తగ్గిస్తాయట కదా అని అడిగావు. తెప్పించే ముందు కాసేపు ఇలా కూర్చో. ఇందులో నిజం ఉంది. ఎంతవరకు నిజమో, ఎవరి విషయంలో నిజమో తెలిస్తేనే అది అమ్మకు పనికొస్తుంది.

కాల్లో ముల్లు విరిగితే ఏమవుతుంది? ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, సలుపుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ రెండు వేల ఏళ్ల కిందటే సెల్సస్ అనే రోమన్ రచయిత రాసిపెట్టాడు. ఇన్‌ఫ్లమేషన్ అంటే ఇదే. ఇది ఒళ్లు తనను తాను బాగుచేసుకునే పని, నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. డాక్టర్లను కలవరపెట్టేది ఇంకో రకం. పైకి ఎరుపూ ఉండదు, వాపూ ఉండదు. లోలోపల సన్నగా ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటుంది. షుగర్, ఊబకాయం, గుండె రక్తనాళాల జబ్బులు ఉన్నచోట ఇది తరచుగా కనిపిస్తుంది. దాన్ని పసిగట్టడానికి రక్తంలో సీఆర్పీ అనే ప్రొటీన్‌ను కొలుస్తారు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల రక్తంలో ఈ ప్రొటీన్‌ను మొదట గమనించారు. ఒంట్లో ఎక్కడ ఇన్‌ఫ్లమేషన్ ఉన్నా కబురు కాలేయానికి చేరుతుంది, కాలేయం సీఆర్పీని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. లీటరు రక్తంలో 3 మిల్లీగ్రాములు దాటితే గుండెకు ముప్పు ఎక్కువని లెక్క. అయితే మామూలు జలుబుకు కూడా అది పెరుగుతుంది, కాబట్టి ఒక్క రిపోర్టు చూసి బెంగపడకూడదు.

ఇక మెగ్నీషియం. పెద్దవాళ్ల ఒంట్లో మొత్తం కలిపితే 25 గ్రాములుంటుంది. అందులో సగానికి పైగా ఎముకల్లోనే ఉంటుంది. ఆ కాస్త లోహమే మూడు వందలకు పైగా ఎంజైముల పనికి ఆధారం. కణాలు శక్తి కోసం వాడుకునే ఏటీపీకి మెగ్నీషియం జత కలిస్తేనే అది అక్కరకొస్తుంది.

ఇది కరువైతే ఏమవుతుందో 1932లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో క్రూస్, ఓరెంట్, మెకాలమ్ చూశారు. ఎలుకలకు మెగ్నీషియం దాదాపు లేని తిండి పెట్టారు. కొద్దిరోజుల్లోనే రక్తనాళాలు వెడల్పై వాటి ఒళ్లు ఎర్రబారింది, తర్వాత చిన్న అలికిడికే ఉలిక్కిపడసాగాయి, చివరికి ఫిట్స్ వచ్చాయి. తర్వాతి తరాల శాస్త్రవేత్తలు అలాంటి ఎలుకల రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు పెరిగి ఉన్నాయి, ఇన్‌ఫ్లమేషన్‌ను రగిలించే రసాయనాలూ పెరిగి ఉన్నాయి. కారణం కొంతవరకు తెలిసింది. రక్షణ కణాల్లోకి కాల్షియం చొరబడితే అవి రెచ్చిపోతాయి. తగినంత మెగ్నీషియం ఉంటే ఆ చొరబాటు హద్దులో ఉంటుంది, తగ్గితే హద్దు సడలుతుంది. శత్రువు ఎవరూ లేకపోయినా కణాలు పోరుకు దిగుతాయి.

ఎలుకల సంగతి సరే, మనుషుల మాటేమిటి? అమెరికాలో 1999-2000లో జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే లెక్కలు తీస్తే, తిండిలో మెగ్నీషియం తక్కువగా ఉన్నవాళ్లలో సీఆర్పీ ఎక్కువగా ఉండే అవకాశం హెచ్చుగా కనిపించింది. దీన్ని నేను గట్టి సాక్ష్యమనను. మెగ్నీషియం బాగా అందేవాళ్లు ఆకుకూరలు, పప్పులు, గింజలు తినేవాళ్లు. వాళ్లకు పీచు అందుతుంది, ఇతర పోషకాలూ అందుతాయి. మేలు చేసింది వీటిలో ఏదో సర్వే చెప్పలేదు. అది తేలాలంటే కొందరికి అసలు బిళ్ళ, కొందరికి ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి చూడాలి. అలాంటి పరీక్షలూ జరిగాయి. వాటిని గుదిగుచ్చి 2017లో ఒక విశ్లేషణ వచ్చింది. అందరినీ కలిపి చూస్తే సీఆర్పీలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మొదట్లోనే సీఆర్పీ 3 దాటి ఉన్నవాళ్లను విడదీసి చూస్తే మాత్రం తగ్గింది. 2022లో 17 పరీక్షలను, 889 మందిని కలిపి ఇంకో విశ్లేషణ చేశారు. అందులో మొత్తం మీద సీఆర్పీ తగ్గిందని తేలింది. 889 మంది అంటే పెద్ద సంఖ్యేమీ కాదు. ఒక్కొక్క పరీక్షలోనూ మనుషులు తక్కువ, వాళ్ల జబ్బులు వేరు, వాడిన మోతాదులూ వేరు.

వీటన్నిటి నుంచి నాకు అర్థమైంది ఇది. నూనె అడుగంటిన ప్రమిదలో నూనె పోస్తే దీపం నిలబడుతుంది, నిండా ఉన్న ప్రమిదలో పోస్తే నూనె నేలపాలవుతుంది. కొరత ఉన్న ఒంటికి మెగ్నీషియం మేలు చేస్తుంది, కొరత లేని ఒంటికి బిళ్ళ వల్ల ఒరిగేది కనిపించడం లేదు.

మరి కొరత ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చిక్కంతా ఇక్కడే ఉంది. ఒంట్లోని మెగ్నీషియంలో రక్తంలో తిరిగేది నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఆ కాస్తనూ ఒళ్లు ఎముకల నుంచి తీసుకుని అయినా సరిచేసుకుంటుంది. అందుకే రిపోర్టు మామూలుగా ఉన్నా నిల్వలు తగ్గి ఉండొచ్చు. మనిషి పరిస్థితి చూసి ఊహించాలి. షుగర్ అదుపులో లేనివాళ్లకు మూత్రంలో మెగ్నీషియం పోతుంది. మద్యం ఎక్కువగా తాగేవాళ్లకూ, నీరు తీసే బీపీ మాత్రలు కొన్ని వాడేవాళ్లకూ అంతే. గ్యాస్ మాత్రలు, అదే ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ లాంటివి, ఏడాదికి పైగా మింగేవాళ్లలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. మీ అమ్మకు షుగరుంది, పొద్దున్నే గ్యాస్ మాత్ర అలవాటూ ఉంది. అందుకే నీ ప్రశ్నను కొట్టిపారేయడం లేదు.

తిండి దగ్గరికి రా. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకు రోజుకు 440, ఆడవాళ్లకు 370 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి. ఆ సంస్థే 2017లో వేసిన ఆహార పట్టికల్లో వంద గ్రాముల పాలిష్ బియ్యంలో 19 మిల్లీగ్రాములే ఉంది. ముడిబియ్యంలో దాదాపు 94, జొన్నల్లో 133, రాగుల్లో 146. రోజుకు మూడు వందల గ్రాముల బియ్యం వండుకునే మనిషికి తెల్లన్నం నుంచి అందేది అరవై లోపే, అదే ముడిబియ్యమైతే రెండు వందల ఎనభై! మధ్యలోది ఎటుపోయిందనుకున్నావు? తవుడుతో పాటు మిల్లులోనే పోయింది. మెతుకు తెల్లగా ఉండాలన్న మోజు మన ఇళ్లకు చేసిన చేటు ఇది, తలచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పొద్దున రాగి అంబలి, రాత్రికి జొన్నరొట్టె, మధ్యాహ్నం తోటకూర పప్పు, సాయంత్రం గుప్పెడు వేరుశనగలో నువ్వులో పెట్టుకుంటే చాలావరకు పూడిపోతుంది. ఆకుల పచ్చదనంలోనే మెగ్నీషియం ఉంది తల్లీ, పత్రహరితం అణువు నడుమ కూర్చున్నది అదే. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకండి, కొంత అందులోకి దిగుతుంది.

బిళ్ళే కావాలనుకుంటే, ఆక్సైడ్ రకం చవక, కానీ పేగులు దాన్ని సరిగా పీల్చుకోవు. సిట్రేట్ రకం మెరుగు. ఏదైనా మోతాదు మించితే విరేచనాలు పడతాయి. అది చిన్న ఇబ్బంది. అసలు ప్రమాదం మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు. ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది అవే. అవి పనిచేయకపోతే రక్తంలో పేరుకుని బీపీ పడిపోతుంది, గుండె లయ తప్పుతుంది. మన శ్రీకాకుళం ఉద్దానంలో లాగా కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్నచోట డాక్టరును అడగకుండా ఎవరూ ఇలాంటి బిళ్ళలు కొనుక్కోకూడదు. షుగరున్న అమ్మ విషయంలోనూ ముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి, డాక్టరు సరేనన్నాకే మొదలుపెట్టాలి. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. కొన్ని యాంటీబయాటిక్స్‌తో కలిపి వేసుకుంటే ఆ మందు కూడా ఒంటికి పట్టదు.

ఇంకొకటి. సీఆర్పీ తగ్గడం వేరు, మోకాలి నొప్పి తగ్గడం వేరు. అరిగిన కీలును మెగ్నీషియం తిరిగి నింపదు. పొద్దున లేవగానే చేతివేళ్లు, మోకాళ్లు గంటకు పైగా బిగుసుకుపోయి ఉంటున్నాయేమో అమ్మను ఇవాళే అడుగు. వేళ్ల కణుపులు వాచాయేమో చూడు. ఔనంటే అది కీళ్లవాతం కావచ్చు. బిళ్ళలతో నెలలు గడిపితే ఆలోపు కీళ్లు దెబ్బతింటాయి. ఈ వారంలోనే కీళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. గ్యాస్ మాత్ర ఎన్నాళ్లుగా వేసుకుంటోందో కూడా ఆయనకు చెప్పు.