బరువు మోసేది గోడలు కాదు!

‘మిషన్‌కి పెట్టె కట్టడం ఆడవాళ్ల పనా?’ అని చాలామందే అడిగారు. బాలానగర్‌లో మా షెడ్డుకొచ్చి చూడమంటా. టన్నున్నర లేత్‌ని మోసేది పెట్టె గోడలు కాదండీ, అడుగున్న దుంగలు. మిషన్‌ కాళ్లని వాటికే బోల్టులతో బిగిస్తాం. మేకుల్ని నేను నమ్మను, లారీ కుదుపులకి వదులవుతాయి.

లేత్‌కి బరువెక్కువ హెడ్‌స్టాక్‌ వైపే. అందుకే తాళ్లు ఎక్కడ వెయ్యాలో పెట్టె మీద గుర్తులు పెడతాను. అవి లేకుంటే క్రేన్‌ ఎత్తగానే పెట్టె ఒరుగుతుంది. పక్కనున్న హమాలీ ప్రాణాలకే ముప్పు. మెరిసే ఇనుప భాగాలకి గ్రీజు పూసి పాలిథిన్‌ చుడతాం, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా.

విదేశాలకైతే ఇంకో తతంగం. 2002లో వచ్చిన అంతర్జాతీయ నియమం ప్రకారం చెక్క లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలుండాలి, ముద్ర పడాలి. పురుగుందని రేవులో ఆపేస్తే సరుకు తిరుగుటపాలో వచ్చినట్టే!

మా ఆయన మాత్రం ఇప్పటికీ నేను బిగించిన బోల్టుల్ని మళ్లీ బిగించి చూస్తారు. ఒక్కటీ కదలదు.