ఘాజీని ముంచింది కురుసురేనా? విశాఖ బీచ్‌లోని సబ్‌మెరైన్ అసలు కథ ఇదీ..

ఏటికొప్పాక: డిసెంబర్‌లో నేవీ డే వస్తోందంటే చాలు.. ఏటికొప్పాక, నర్సీపట్నం, ఎలమంచిలి వైపు నుంచి జనం పిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖ ఆర్కే బీచ్‌కి బయల్దేరతారు. అక్కడ ఇసుక మీద కూర్చోబెట్టిన పెద్ద సబ్‌మెరైన్ ఐఎన్‌ఎస్ కురుసురని చూపించి, "ఇదేరా, పాకిస్తాన్ ఘాజీని ముంచేసింది" అని చెప్పే నాన్నలు చాలామందే ఉంటారు. 2017లో ఘాజీ సినిమా వచ్చాక ఈ మాట మరీ ఎక్కువైంది.

కానీ అది నిజం కాదు. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి ఘాజీ విశాఖ దగ్గర మునిగిపోయినప్పుడు కురుసుర బంగాళాఖాతంలోనే లేదు. దేశానికి అటుపక్కన, అరేబియా సముద్రంలో గస్తీ ముగించుకుని బొంబాయికి తిరిగొస్తోంది. సినిమాలో కనిపించే ఎస్-21 నంబర్ కూడా దీనిది కాదు. అది ఐఎన్‌ఎస్ కరంజ్ నంబర్. కురుసురది ఎస్-20.

మరి ఘాజీని ఎవరు ముంచారు? విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది ఘాజీ. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. దాని బదులు విశాఖలో ఉన్న పాత డిస్ట్రాయర్ ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ ఆ రాత్రి హార్బర్ నుంచి బయటికొస్తూ నీళ్లలోకి డెప్త్ చార్జీలు వదిలింది. వాటి దెబ్బకే ఘాజీ పోయిందని మన నేవీ చెబుతుంది. కాదు, సొంత మైన్లు పేలో, లోపల పేలుడు జరిగో మునిగిందని పాకిస్తాన్ వాదన. ఏదైతేనేం, అందులో ఉన్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. ఇంకో విషయం.. ఘాజీ కూడా రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికా కట్టిన పాత డీజిల్ సబ్‌మెరైనే. అప్పట్లో దాని పేరు డయాబ్లో. 1964లో పాకిస్తాన్ చేతికొచ్చింది.

ఇక మన కురుసుర సంగతి. సోవియట్ యూనియన్‌లో తయారై 1969 డిసెంబర్ 18న రీగాలో మన నేవీలో చేరింది. కల్వరి, ఖండేరి, కరంజ్ తర్వాత భారత్‌కి ఇది నాలుగో సబ్‌మెరైన్. సూయజ్ కాలువ అప్పుడు మూసేసి ఉంది. అందుకే 1970 ఫిబ్రవరిలో బయల్దేరి ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది.

1971 నవంబర్‌లో, యుద్ధం ప్రకటించక ముందే, దాన్ని అరేబియా సముద్రంలోకి పంపారు. అయితే చేతులు కట్టేసినట్టే పంపారు. గీసిన హద్దు దాటకూడదు. ఎదురైంది శత్రువు ఓడే అని పక్కాగా తేలాలి, పైనుంచి ఆర్డర్ రావాలి.. అప్పుడే టార్పెడో. ఆ దారిలో ఏ దేశం వ్యాపార నౌక అయినా వెళ్తుండొచ్చు, పొరపాటున దాన్ని ముంచితే జరిగే రాద్ధాంతం వేరు. అలా వారాల తరబడి నీళ్ల కింద చూస్తూ, వింటూ గడిపి, డిసెంబర్ 4న బొంబాయి చేరింది. అప్పటికి యుద్ధం మొదలై ఒక్క రోజు కూడా కాలేదు.

ఏం చేయలేదు కదా అనిపిస్తుందా? సబ్‌మెరైన్ డ్యూటీ అంటే ఎక్కువగా ఇదే. అదే యుద్ధంలో అవతలివైపు డీజిల్ సబ్‌మెరైన్ హంగోర్ కూడా ఇలాగే కాచుకుని కూర్చుంది. డిసెంబర్ 9న మన ఐఎన్‌ఎస్ ఖుక్రీని ముంచేసింది. 194 మందిని పోగొట్టుకున్నాం.

అసలు ఈ డీజిల్-ఎలక్ట్రిక్ అంటే ఏంటి? డీజిల్ ఇంజన్ నడవాలంటే గాలి కావాలి. నీళ్ల కింద గాలి ఉండదు. అందుకే పైన ఉన్నప్పుడు ఇంజన్లతో బ్యాటరీలు చార్జ్ చేసుకుని, మునిగాక ఆ కరెంట్‌తో మోటార్లు నడుపుతారు. బ్యాటరీ అయిపోతే, ఫోన్ చార్జింగ్ అయిపోయినట్టే, పైకి రాక తప్పదు. కనీసం గాలి పీల్చే గొట్టమైనా నీటిపైకి తీయాలి. శత్రువుకి దొరికేది ఎక్కువగా ఆ టైంలోనే. అందుకే ఆ పని చీకట్లోనే కానిస్తారు.

ఇదంతా 91 మీటర్ల పొడవున్న ఇనుప గొట్టంలో. 75 మంది సిబ్బంది, ముందూ వెనకా కలిపి 10 టార్పెడో ట్యూబులు, 22 టార్పెడోలు. ఇవాళ లోపలికెళ్లి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి తలుపుల్లో వంగి దూరేటప్పుడే తెలుస్తుంది.. టార్పెడోల పక్కనే పడుకుని, స్నానానికి నీళ్లు లేక, డీజిల్ వాసనలో వారాలు గడపడం ఎలా ఉంటుందో. బయట సెల్ఫీ దిగి వెళ్లిపోయేవాళ్లు మిస్ అయ్యేది ఇదే.

యుద్ధం తర్వాత కథ ఇంకా విచిత్రం. 1970ల మధ్యలో రిపేర్లు ఆలస్యమై, విడిభాగాలు దొరక్క కురుసురని పక్కన పెట్టేశారు. మిగతా సబ్‌మెరైన్లకి ఏ పార్ట్ కావాలన్నా దీంట్లోంచే ఊడదీశారు. అక్కడితో దీని పని అయిపోయినట్టే అనుకోవాలి. కానీ పూర్తి స్థాయి రిపేర్లు చేసి 1982లో మళ్లీ నీళ్లలోకి దింపారు. ఆ తర్వాత ఇంకో 19 ఏళ్లు నడిచింది!

2001 ఫిబ్రవరి 27న రిటైర్ అయ్యేసరికి అది తిరిగిన దూరం 73,500 నాటికల్ మైళ్లు. తుక్కు కింద అమ్మేయకుండా, సుమారు రూ.5.5 కోట్ల ఖర్చుతో దాన్ని సముద్రంలోంచి ఒడ్డుకి లాగి మ్యూజియం చేశారు. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించారు.

లోపల గైడ్లుగా రిటైర్డ్ నేవీ సిబ్బంది ఉంటారు. ఘాజీ గురించి కాదు.. ఆ ఇరుకులో నిద్ర ఎలా పట్టేదో వాళ్లని అడగండి. సోమవారం మాత్రం మ్యూజియానికి సెలవు.