పరామర్శకు వెళ్ళినవారు 41 మంది

మన ఇళ్ళలో ఎవరైనా ఆసుపత్రిలో చేరారని తెలిస్తే చాలు, బంధువులంతా బయలుదేరతారు. ఇయాదత్, అంటే రోగిని పరామర్శించటం, ఒక ముస్లింకు మరో ముస్లింపై ఉన్న హక్కుల్లో ఒకటని చిన్ననాటి నుంచీ వింటూ పెరిగాం. ఆ హక్కును ఎలా నెరవేర్చాలన్న ప్రశ్న మాత్రం మనలో చాలామందికి తట్టదు. మెర్స్ అనే శ్వాసకోశ వ్యాధి చరిత్ర చదువుతున్నప్పుడు ఆ ప్రశ్నే మమ్మల్ని వెంటాడింది.

2012 జూన్‌లో సౌదీ అరేబియాలోని జిద్దాలో 60 ఏళ్ళ వ్యక్తి తీవ్రమైన న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరాడు. ఊపిరితిత్తులతో పాటు మూత్రపిండాలూ దెబ్బతిని, కొద్దిరోజులకే మరణించాడు. అంతవరకూ ఎవరూ ఎరుగని ఒక కరోనా వైరస్ అతని కఫంలో బయటపడింది. అది ఒంటెల నుంచి మనుషులకు సోకుతున్నదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. గుర్తించిన రోగుల్లో నూటికి దాదాపు 35 మంది మరణించారు. స్వల్ప లక్షణాలతో బయటపడినవారిలో చాలామంది లెక్కకు రాకపోయి ఉండవచ్చు.

ఈ వైరస్ అందరినీ ఒకే రీతిగా పీడించదు. ఆరోగ్యవంతులైన యువకుల్లో కొందరికి జలుబుతో సరిపోతుంది, కొందరికి అదీ ఉండదు. ప్రాణాపాయంలో పడినవారిలో ఎక్కువమంది వయసు మళ్ళినవారు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు ఉన్నవారు. 2013లో సౌదీలోని అల్ అహ్సా ప్రాంతంలో 23 మందికి వ్యాధి నిర్ధారణ కాగా, అది పాకిన చోట్లలో డయాలిసిస్ విభాగం ముఖ్యమైనది. వృద్ధులు, దీర్ఘరోగులు హజ్ యాత్రను వాయిదా వేసుకోవటం మంచిదని ఆ ఏడాదే సౌదీ అధికారులు సూచించారు. అయితే లక్షలాది మంది ఒకచోట చేరే హజ్‌లో భయపడినట్లు మెర్స్ చెలరేగలేదు. చెలరేగింది ఆసుపత్రుల్లోనే.

అందుకు 2015లో దక్షిణ కొరియాలో జరిగినదే సాక్ష్యం. గల్ఫ్ దేశాలు తిరిగివచ్చిన 68 ఏళ్ళ వ్యక్తికి మే 11న లక్షణాలు కనిపించాయి. వ్యాధి నిర్ధారణ అయ్యేసరికి మే 20 వచ్చింది. ఈలోగా అతను ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి తిరిగాడు. వాటిలో ఒకచోట 35 ఏళ్ళ మరో రోగికి వ్యాధి అంటింది. ఆ రెండవ వ్యక్తి మే 27న సియోల్‌లోని ఒక పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి వచ్చి, 29 వరకు అక్కడే ఉన్నాడు. ఆ మూడు రోజుల్లో అతని నుంచి 82 మందికి వ్యాధి సోకింది. వారిలో 33 మంది రోగులు, 8 మంది సిబ్బంది. మిగిలిన 41 మంది తమవారికి తోడుగా, చూసిపోవటానికి వచ్చినవారే! మొత్తం 186 మందికి సోకిన ఆ వ్యాధి 38 మందిని బలిగొన్నది.

కిక్కిరిసిన గదులు, మంచం పక్కనే కూర్చుని సేవచేసే కుటుంబీకులు, ఒక ఆసుపత్రిలో తృప్తి లేకుంటే మరోచోటికి పరుగు. ఇవి కొరియాలో కనిపించాయని నిపుణులు రాశారు గానీ, మనకు మాత్రం కొత్తవా? మన జనరల్ వార్డుల్లో ఒక రోగి చుట్టూ పదిమంది, వారి ఒడుల్లో పసిపిల్లలు. డయాలిసిస్‌కు వెళ్ళే పెద్దనాన్నను చూడటానికి దగ్గుతూనే వెళ్ళే మేనల్లుడు, తనది ప్రేమేనని నమ్ముతాడు. ప్రేమే, సందేహం లేదు. కాని ఆ దగ్గు తగ్గేదాకా ఫోనులో పలకరించి, దూరం నుంచే దుఆ చేసినంత మాత్రాన ఆ ప్రేమకు లోటేమీ రాదు.

మన పిల్లలెందరో గల్ఫ్‌లో పనిచేస్తున్నారు, ఏటా ఎందరో ఉమ్రాకు వెళ్ళివస్తున్నారు. తిరిగివచ్చిన 14 రోజుల్లో జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే, డాక్టరు అడగకముందే ఏ దేశంలో ఉన్నారో, ఒంటెల దగ్గరకు వెళ్ళారో, కాచని ఒంటెపాలు తాగారో చెప్పాలి. ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు మాస్కు వేసుకుని, తోడుగా ఒక్కరినే తీసుకువెళ్ళాలి.