లాకులు – పడవల క్షేమము

భూమి యెల్లెడల సమతలముగా నుండదు. మెరక నుండి పల్లమునకు తిన్నగా కాలువ త్రవ్వినచో నీరు వడిగా పరుగెత్తును. ఆ వడికి పడవ యెదురెక్కజాలదు. ఈ చిక్కును తొలగించుటకై యేర్పడినవే లాకులు. ఆర్థర్ కాటన్ దొర ఆధ్వర్యవమున 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరమువద్ద ఆనకట్ట నిర్మింపబడిన పిమ్మట, గోదావరి డెల్టా కాలువలు పైరులకు నీటిని, పడవలకు దారిని గూడ ఇచ్చినవి. ఆ దారిలో పడవలు లాకులగుండ ఎక్కుచు దిగుచు సాగినవి.

లాకు పుట్టుకయే క్షేమమును గోరి జరిగినది. పూర్వము చైనాలో ధాన్యపు పడవలను వాలుగట్లమీదుగా మోకులతో ఈడ్చెడివారు. ఆ యీడ్పులో పడవలు బ్రద్దలగుచుండెను, ధాన్యము దొంగలపాలగుచుండెను. దానిని మాన్పుటకై క్రీ. శ. 984 ప్రాంతమున చియావో వెయ్‌యువె అను అధికారి, రెండు తలుపుల నడుమ నీటిని నిలుపు లాకును కట్టించెను.

లాకు అనగా రెండు కొనలయందు తలుపులు గల పెద్ద తొట్టివంటి కట్టడము. పడవ పైకి పోవలసినచో, దానిని దిగువ తలుపుగుండ లోనికి చేర్చి తలుపు మూయుదురు. పిదప ఎగువ తూములెత్తగా నీరు లోనికి వచ్చి, పడవను పైకి లేపును. రెండువైపుల నీటిమట్టము సమానమైనప్పుడే ఎగువ తలుపును తెరువ వీలగును. దిగునప్పుడు ఈ క్రమము తారుమారగును. పడవను ఎత్తునదియు దింపునదియు నీరే. ఏమరినవానికి అపాయము తెచ్చునదియు ఆ నీరే.

గోదావరి లాకులవద్ద తలుపులు నడుపుటకు సిబ్బంది యుండెడివారు. ఇంగ్లండులో నేడు విహారపు పడవలు తిరుగు కాలువలపై పెక్కు లాకులను పడవవారే నడుపుకొందురు. కావున కొన్ని నియమములు వారికి ప్రాణరక్షకములు.

ఎగువ తలుపు క్రింద లాకులోనికి పొడుచుకొని వచ్చిన రాతి గడప యుండును. లాకు నిండియున్నప్పుడు అది కనబడదు. నీరు తగ్గునప్పుడు పడవ వెనుక భాగము గడపపై చిక్కినచో, ముందు భాగము మాత్రము నీటితో దిగిపోవును. నిమిషములలో పడవ మునుగవచ్చును. అందుచేతనే గడప హద్దును గోడపై తెల్లని గీతతో గుర్తింతురు. పడవ ఆ గీతకు ముందే యుండవలెను. ఎప్పుడైన చిక్కుకొన్నచో, తక్షణమే దిగువ తూములను మూసి, ఎగువ తూములను మెల్లగా ఎత్తవలెను. ఇందుకై తూములవద్ద ఒకరు కనిపెట్టుకొని యుండుట అవసరము.

పడవ పైకెక్కునప్పుడు ఎగువ తూములను ఒక్కసారిగా ఎత్తరాదు; నీటి ఉరవడికి పడవ గోడలకు, తలుపులకు కొట్టుకొనును. దిగునప్పుడు పడవ త్రాడును గట్టుమీది గుంజకు ముడివేయరాదు. ముడివేసినచో నీరు తగ్గగా పడవ త్రాటికి వ్రేలాడును. గుంజకు ఒక చుట్టు త్రిప్పి, చేతబట్టి, క్రమముగా వదలుచుండవలెను. గోడకు తగులబోవు పడవను చేతితోగాని కాలితోగాని ఆపరాదు. టన్నులకొలది బరువుగల పడవయెదుట మనుష్యబలము నిలువదు.

నియమములు అన్ని లాకులకును ఒక్కటియే. లాకుల స్వభావములు మాత్రము వేరు. ఒకచోట ప్రక్కకాలువ నీరు పడవను ద్వారమునుండి త్రోసివేయును. ఒకచోట గోడలు లోనికి ఉబ్బి దారి ఇరుకగును. మరియొకచోట తలుపుల సందులనుండి కారు నీరు పడవలో పడును. ఇట్టి విషయములు ఆ దారిని పెక్కుసార్లు నడచిన పడవవారికే తెలియును. క్రొత్తవారు వారిని సమీపించి అడుగుట చిన్నతనము గాదు. అడుగుటకు పట్టునది కొద్ది నిమిషములు. అడుగకపోవుటచే పోవునది ప్రాణమే కావచ్చును.